షాఫ్టు మీద సుద్దగీత

మధురవాడలో కొత్తగా పెట్టిన ఆ వర్క్‌షాపు నేల మా ఇంటి వంటగది కంటే శుభ్రంగా ఉంటుంది. పోయిన వారం అక్కడ నా జీపును లిఫ్టు మీద పైకెత్తారు. నీలం చొక్కా వేసుకున్న మెకానిక్ ఒకతను కిందికి వెళ్ళి చూసి, షాఫ్టు మీదున్న తెల్లటి గీతను "ఏదో సున్నం మరక సార్" అంటూ గుడ్డతో ఒక్క తుడుపు తుడిచేశాడు. నేను అరిచాను. పక్క బండి కింద ఉన్నవాళ్ళు కూడా తలలు బయటపెట్టి చూసేంత గట్టిగా అరిచాను. అరిచాక నాకే సిగ్గేసింది. పాపం, అతను చేసిన తప్పేముంది? మరక కనిపిస్తే తుడవమనే కదా అతనికి నేర్పింది.

కానీ ఆ గీత గీసిన మనిషి పోయి అప్పటికి నెల రోజులైంది. ఆయన చేతి గుర్తుగా నా దగ్గర మిగిలింది అదొక్కటే.

కంచరపాలెంలో రైలు పట్టాలకు ఆనుకుని ఉన్న ఒక సందులో ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. గూడ్సు బండి వెళ్తుంటే షెడ్డు మొత్తం గడగడలాడేది, ఆయన మాత్రం మాట మధ్యలో ఆపి, బండి వెళ్ళాక ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టేవారు. అందరూ మేస్త్రీ అనేవారు, నేనూ మేస్త్రీ గారూ అనేవాణ్ణి. ఎక్కడ పుట్టారో, ఎవరి దగ్గర పని నేర్చారో నాకు తెలియదు. అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఆయన ముందు కూర్చుంటే ఆయన చేతుల్ని చూడటమే సరిపోయేది.

వేరేవాళ్ళు చెవి మీద బీడీ పెట్టుకునే చోట ఆయన సుద్దముక్క పెట్టుకునేవారు. అది జుట్టుకు అంటీ అంటీ, నెరిసింది ఎంతో సుద్ద ఎంతో తెలిసేది కాదు. పాత ఫోర్ వీల్ జీపులే ఆయన లోకం. కార్లు ముట్టుకునేవారు కాదు. "కారుకి రెండు సెక్రాలే పన్జేస్తాయి బాబూ, రెండు ఊరికే కూడా వొస్తాయి" అనేవారు, ఆ రెండూ సోమరిపోతులైనట్టు.

నేను ఉక్కు కర్మాగారంలో తనిఖీ విభాగంలో ఇంజనీర్ని. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇదే ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాడు. మైక్రోమీటరు లేనిదే దేన్నీ నమ్మని వంశం మాది. ఆదివారాలు బీచ్ రోడ్డు మీద తిరగాలన్న సరదా కొద్దీ ఒక పాత జీపు కొన్నాను. దాని వెనక ఇరుసులో పళ్ళ చక్రాలు అరిగిపోయాయి. కొత్తవి తేవాలంటే గేర్ రేషియో తెలియాలి. అంటే, చక్రం ఒక్కసారి తిరగాలంటే ఇంజను వైపు నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలి అన్న లెక్క. ఇదేం బ్రహ్మవిద్య అనుకుని, మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక చక్రం జాకీ మీద లేపి, తిప్పి, లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని మరీ ఆయన దగ్గరికి వెళ్ళాను.

"రేషియో రెండు పాయింట్ ఏడు మేస్త్రీ గారూ."

ఆయన నన్ను, నా ఇస్త్రీ చొక్కాను, నా కాగితాన్ని చూశారు.

"రెండు పాయింట్ ఏడా? అది జీపేనా బాబూ, ఇమానమా?"

"నేనే తిప్పి చూశానండీ."

"ఎన్ని సెక్రాలు లేపినారు?"

"ఒకటి."

"ఎన్ని సుట్లు తిప్పినారు?"

"ఒకటి."

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కోపమొచ్చేది, బతికిపోయేవాణ్ణి. బయటికి వచ్చి, నా జీపు వెనక చక్రం ఒకటి లేపి, టైరు మీద ఒక గీత, షాఫ్టు మీద ఒక గీత పెట్టారు. "పక్క సెక్రం నేల మీద కదలకుండా ఉంది సూడండి. అలాటప్పుడు ఇది రెండు సుట్లు తిరగాలి. సగం తిప్పితే సగమే సెప్తాది బాబూ." రెండు చుట్లు తిప్పారు. షాఫ్టు మీద గీత ఐదుంబావు సార్లు తిరిగి, ఇంకో బొటనవేలంత ముందుకెళ్ళి ఆగింది. "ఐదు ముప్పై ఎనిమిది" అన్నారు. తర్వాత ముందు ఇరుసుకీ అదే పని చేశారు. అక్కడా అంతే వచ్చాక గానీ ఆయనకు ఊపిరాడలేదు.

కాలేజీలో ఈ పాఠానికి నాకు మంచి మార్కులొచ్చాయి. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

అప్పట్నుంచీ పనున్నా లేకపోయినా ఆ షెడ్డుకు వెళ్ళడం అలవాటైంది. ఏదైనా జీపు వస్తే ముందు ఆయన కింద పడుకునేవారు. ఇరుసు మధ్యలో గుండ్రటి బొజ్జ ఉంటుంది కదా, అది నడుమ ఉందా, ఒక పక్కకి జరిగిందా, దాని మూతకు బోల్టులెన్ని, చక్రం మధ్యలో ముట్టె బయటికి పొడుచుకొచ్చిందా లేదా, ఇవన్నీ చేత్తో తడిమి చూసేవారు. ముట్టె బయటికి ఉంటే బండి బరువంతా ఇరుసు చుట్టూ ఉన్న గొట్టం మోస్తుంది, లోపలి ఇరుసుకి తిప్పడమొక్కటే పని. లేకపోతే పాపం ఇరుసే మొయ్యాలి, ఇరుసే తిప్పాలి. "మా ఇంట్లో బొజ్జ నాది, తిప్పీదీ మోసీదీ మీ యమ్మే" అనేవారు, లోపల అన్నం వండుతున్న భార్యకు వినిపించేలా. ఆమె లోపల్నుంచే, "ఇరిగిపోనాక తెలస్తాది" అనేది.

ఏ ఇరుసు ఏ రకానిదో చూపుతోనే చెప్పేసేవారు. రేషియో మాత్రం తిప్పందే చెప్పేవారు కాదు. ఎంత తెలిసిన బండి అయినా సరే. నాకిది చాదస్తంగా అనిపించేది. ఆ అనిపించడమే కొంప ముంచింది.

ఒక వానాకాలం ఉదయం పాడేరు కొండల్లో సంత జీపు తోలే డ్రైవరొకతను వచ్చాడు. ఆయన్ని మావా అని పిలిచేవాడు. జీపు ముందు ఇరుసు విరిగిపోయింది. పాత ఇనుము కొట్టులో మొత్తం ఇరుసు ఒకటి దొరికితే దాన్ని తెచ్చుకున్నాడు. మేస్త్రీ అలవాటు ప్రకారం మొదట వెనక ఇరుసును తిప్పి చూశారు, షాఫ్టు మీద గీత పెట్టి. ఐదు ముప్పై ఎనిమిది. ముందు షాఫ్టు విప్పేటప్పుడు, మళ్ళీ అదే కోణంలో బిగించడానికి దాని మీదా ఒక గీత పెట్టారు. ఇక తెచ్చిన ఇరుసును తిప్పి చూడాలి. అది నేల మీద మట్టి కొట్టుకుని, బోర్లా పడి ఉంది. దాన్ని లేపి, శుభ్రం చేసి, బిగించి తిప్పాలంటే గంట పని. డ్రైవరు సంత వేళకు పాడేరు చేరాలని తొందరపడుతున్నాడు.

నేను ఊరుకోవచ్చు కదా. నోరూరుకోదే.

"ఇన్నేళ్ళ అనుభవం, ఇంకా తిప్పి చూడాలా మేస్త్రీ గారూ? చూసి చెప్పలేరా?"

డ్రైవరు నవ్వాడు. "మావకి తిప్పకపోతే కూడు సయించదు బాబూ."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశారు. వంగి, మూత మీది ఒక బోల్టు కింద ఉన్న చిన్న రేకును బొటనవేలితో తుడిచారు. ఇలాంటి ఇరుసులకు లోపలి పళ్ళ లెక్క కొట్టిన రేకు ఉంటుంది. "నలబై మూడు, ఎనిమిది. ఐదు ముప్పై ఎనిమిదే. కట్టీండి" అని సుద్దముక్క చెవి మీద పెట్టేసుకున్నారు. నేను చప్పట్లు కొట్టాను. ఆయన ముఖంలో గర్వం చూడటం అదే మొదలు, అదే చివర.

పదకొండింటికి ఇరుసు బిగించడం అయింది. బ్యాటరీ డౌనైంది కాబట్టి అందరం కలిసి జీపును సందులోకి తోశాం. ఆయన కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుంటున్నారు. జీపు ఆయన కళ్ళ ముందు నుంచి మెల్లగా దొర్లి, స్టార్టయి వెళ్ళిపోయింది.

నా బండి బ్రేకులు సరిచేయాలని నేను ఆగాను. ఒంటిగంటకు ఆయన భోజనానికి కూర్చున్నారు. చారు కలిపిన ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. చూపు ఎక్కడో ఉంది. ముద్ద పళ్ళెంలో పెట్టి, రెండు చూపుడు వేళ్ళు గాలిలో పెట్టి తిప్పడం మొదలుపెట్టారు, ఎడమది ఒక వేగంతో, కుడిది ఒక వేగంతో. నాకు భయమేసింది, పక్షవాతమేమో అనుకున్నాను.

"ముందుది ఎనకబడిపోనాది" అన్నారు.

"ఏమిటండీ?"

"షాఫ్టు. బండి తోసినప్పుడు ఎనక గీత ఐదుసార్లు కనబడ్డాది. ముందు గీత నాలుగేసార్లు కనబడ్డాది. నాను సూసినాను. సూసి కూడా సూడలేదు."

రెండు గంటల కిందట, చేతులు కడుక్కుంటూ, దొర్లుతున్న బండి కింద అలవోకగా చూసిన రెండు సుద్దగీతల్ని ఆయన మనసు దాచిపెట్టుకుని, భోజనాల వేళ మళ్ళీ తిప్పి చూసుకుంది. నేను కొలతలతో బతికే మనిషిని. ఇలాంటి కొలత నేను ఎక్కడా వినలేదు, కనలేదు.

ఎవరో ఎప్పుడో మూతలు మార్చేశారు. రేకు ఒక ఇరుసుది, లోపలి పళ్ళు ఇంకొక ఇరుసువి. తారు రోడ్డు మీద దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, అక్కడ ఎవరూ ఫోర్ వీల్ వెయ్యరు. పాడేరు దాటాక తారు అయిపోతుంది, గెడ్డ అని వాళ్ళనే వాగు దాటగానే బురద ఎత్తు. అక్కడ ఫోర్ వీల్ లివరు లాగితే ముందు చక్రాలు ఒక వేగం అంటాయి, వెనకవి ఇంకో వేగం అంటాయి. స్టీరింగ్ మాట వినదు, ఏదో ఒకటి పుటుక్కుమంటుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, బండి నిండా సంత జనం.

ఫోన్ చేస్తే కవరేజీ లేదంది. ఆయన ఎంగిలి చేత్తోనే లేచారు.

"బండి తియ్యి బాబూ, బేగి." ఎప్పుడూ నన్ను మీరు అనే మనిషి.

పెందుర్తి, చోడవరం, మాడుగుల. మూడు గంటల దారి. చెవి మీది సుద్దముక్క గుప్పిట్లో పట్టుకున్నారు, ఘాటు ఎక్కేసరికి అది పొడైపోయి ప్యాంటు మీద రాలుతోంది. తప్పు నాది అని చెబుదామని ప్రతి మలుపులోనూ అనుకున్నాను. ప్రతి మలుపులోనూ గేరు మార్చి ఊరుకున్నాను. డిగ్రీ ఉన్న పిరికివాణ్ణి నేను.

తారు అయిపోయే చోట ఒక టీ కొట్టుంది. దాని ముందు ఆ జీపు నిలబడి ఉంది, ఇంజను ఆడుతూనే ఉంది. లోపల పన్నెండు మంది, పైన కోళ్ళ గంపలు, బియ్యం మూటలు. డ్రైవరు టీ గ్లాసు అప్పుడే కింద పెడుతున్నాడు. మేస్త్రీ నా బండి ఆగకముందే దూకేసి, ఆ జీపు బానెట్టు మీద రెండు చేతులూ వేసి నిలబడ్డారు, ఎద్దును ఆపినట్టు.

"ఏటి మావా, ఇలగొచ్చినావు?"

"ఇంజనాపీ. ఫోర్ వీల్ ఎయ్యకు. ముందు రేషియో ఏరేది. నాను తప్పు సెప్పీసినాను."

గంప ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలావిడ తల బయటపెట్టింది. "మేస్త్రీవి కదా, తెల్దేటి నీకు?"

"తెలుసమ్మా. తెలిసి కూడా తిప్పి సూడలేదు."

నేను పక్కనే ఉన్నాను. ఈ బాబు రెచ్చగొట్టాడు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా వైపు చూడను కూడా చూడలేదు.

జనం దిగారు. ఒక ముందు చక్రం లేపారు. పొడైపోగా మిగిలిన సుద్దతో గీతలు పెట్టి, రెండు చుట్లు తిప్పడం మొదలుపెట్టారు. కింద నేను షాఫ్టు చూస్తూ ఒకటి అన్నాను. రెండోసారికి డ్రైవరు గొంతు కలిపాడు. మూడుకి జనమందరూ అందుకున్నారు. నాలుగు. అందరూ ఐదు కోసం నోళ్ళు తెరిచి ఉన్నారు. పావు చుట్టు దాటాక చక్రం ఆగింది, రెండు చుట్లూ అయిపోయాయి. ఐదు రాలేదు. ముసలావిడ గెడ్డ అవతలి ఎత్తు వైపు ఒకసారి చూసి, ఆయనకు రెండు చేతులూ జోడించింది. ఆయన తల దించేసుకున్నారు.

వాన మొదలైంది. గెడ్డ పొంగేలోపు జనం అవతలికి వెళ్ళాలి. ఫోర్ వీల్ లేకుండా ఆ జీపు ఆ ఎత్తు ఎక్కదు. ముందు షాఫ్టు విప్పేస్తే గానీ కిందికి తిరిగి వెళ్ళడానికి భయం తీరదు, ఆ పనికి వాళ్ళిద్దరూ కావాలి. మిగిలింది నా జీపు. బీచ్ రోడ్డు తప్ప ఎరగని జీపు, అంతకంటే ఎక్కువేమీ ఎరగని నేను. మేస్త్రీ డ్రైవరును పక్కకి తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పారు. తర్వాత నా దగ్గరికొచ్చారు.

"మీ బండికి ముందూ ఎనకా నాను తిప్పి సూసినాను. రెండుసార్లు సూసినాను. ఫోర్ వీల్ ఏసి, రెండో గేరులో ఒగ్గీండి. సేతులు గట్టిగా పట్టకండి, అదే ఎక్కుద్ది."

ఎక్కింది. ఆరుగురు చొప్పున రెండు ట్రిప్పులు. పై మలుపులో బురద కింద నుంచి జారుతుంటే, నాలుగు చక్రాలూ ఒకే మాట మీద నిలబడి లాగడం సీటు కింద తెలిసింది. కుడి పక్క చూశాను. చూడకుండా ఉండాల్సింది. డ్రైవరు అక్కడ లివరు లాగి ఉంటే అన్న ఆలోచన వచ్చింది. మళ్ళీ ఎదుటికి చూశాను. చెయ్యి వణకలేదు. ఎందుకంటే ఆయన తిప్పి చూశానన్నారు. అంత నమ్మకం నాకు మా ప్రయోగశాల కొలబద్దల మీద కూడా లేదు.

ఆ తర్వాత ఆ రేకును ఊడదీసి, షెడ్డు గుంజకు కంటికెదురుగా మేకు కొట్టి పెట్టుకున్నారు. ఎవరైనా అదేమిటని అడిగితే, "నా తెలివి" అనేవారు. ఆ రోజు నేనన్న మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మేస్త్రీ పోయిన పదకొండో రోజున షెడ్డు ముందే షామియానా వేశారు. కొండ మీది డ్రైవరు కూడా వచ్చాడు. గూడ్సు బండి వెళ్తుంటే అందరం మాటలాపాం. అది వెళ్ళాక ఆయన భార్య గుంజ వైపు చూపించింది. "పీకీమని ఎన్నిసార్లు సెప్పినానో. ఒచ్చినోలికల్లా నీ తప్పు సూపించుకోడం ఎందుకని. ఉండనీ, అది నన్ను సూస్తంటాది అనీవోడు."

ఇంక ఆగలేకపోయాను. డ్రైవరును పక్కకి తీసుకెళ్ళి, "ఆ రోజు తప్పు ఆయనది కాదు. తిప్పొద్దని ఎగదోసింది నేను" అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "నానక్కడే ఉన్నాను కదా బాబూ. ఇన్నాను."

నిజమే. అక్కడే ఉన్నాడు, నవ్వాడు కూడా. ఇన్నాళ్ళూ నేను దాచుకున్నది ఎవరి దగ్గరో నాకే అర్థం కాలేదు.

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

"అనబోయినాను బాబూ, టీ కొట్టు కాడే. మీ మీదకి ఒచ్చీబోయినాను. మావే నన్ను పక్కకి లాగీసినాడు. 'ఆ మాట ఆ బాబు దగ్గర అనకు. ఇప్పుడు జనాన్ని కొండెక్కించాల్సింది ఆయనే. తప్పు తనదని తలిస్తే సెయ్యి వణికిపోద్ది. అది నా మీదే ఉండనీ' అన్నాడు. దిగినాక సెప్తానన్నాను. దిగినాక కూడా ఒద్దన్నాడు."

పోయిన వారం మధురవాడలో అరవడం అయిపోయి, సిగ్గుపడటం కూడా అయిపోయాక, ఆ నీలం చొక్కా మెకానిక్‌కు క్షమాపణ చెప్పుకున్నాను. జీపు డ్యాష్‌బోర్డు అరలో మేస్త్రీ ఎప్పుడో పడేసి మర్చిపోయిన సుద్దముక్క ఒకటి ఉంది. దాన్ని తీసుకుని, లిఫ్టు కిందికి వెళ్ళి, గీత ఉన్న చోటే మళ్ళీ గీద్దామని చెయ్యి పైకెత్తాను.

ఆ కొండ మీద వణకని చెయ్యి అక్కడ వణికింది. గీత వంకరగా వచ్చింది. తుడవొద్దని చెప్పి వచ్చేశాను.